గీత దాటకుండా కాచుకున్నవాడికే గెలుపు ఎందుకు? – ఏరో క్లబ్ ఆఫ్ ఇండియాకు బహిరంగ లేఖ

ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,



ఇంజను సాయం లేకుండా ఎగిరే గ్లైడర్ల పందేల్లో బయలుదేరే నియమమూ, పాయింట్లు వేసే నియమమూ రెండూ న్యాయంగా లేవు. వాటిని మార్చమని అంతర్జాతీయ వేదిక మీద అడగవలసిన బాధ్యత మీకుంది. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం. 1905లో పుట్టిన ప్రపంచ వాయు క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐలో మన దేశం తరఫున కూర్చునేది మీరే. ఆ సమాఖ్యలో గ్లైడింగ్ వ్యవహారాలన్నీ చూసేది అంతర్జాతీయ గ్లైడింగ్ కమిషన్. ప్రపంచ పోటీల నియమాలు అక్కడే, సభ్యదేశాల ప్రతినిధుల ఓట్లతో మారతాయి. వేల గ్లైడర్లు ఎగిరే జర్మనీ పక్కన కూర్చుని మాట్లాడే హక్కు మన ప్రతినిధికీ ఉంది. ఆ హక్కును ఈ విషయంలో వాడమని అడుగుతున్నాను.

వరంగల్ వాడికి గ్లైడర్లతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. మా ఊళ్లో గ్లైడింగ్ క్లబ్బు లేదు. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం నలభై ఏళ్లకు పైగా మూతబడి ఉంది. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం ఒప్పుకుంది. కానీ గ్లైడర్‌కు మొదట కావలసింది రన్‌వే కాదు, ఎండ. అది మా దగ్గర దండిగా ఉంది. మే నెలాఖరున రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు హనుమకొండ చుట్టూ ఉన్న రాతి గుట్టలు కాగిపోతాయి, వాటి మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. మధ్యాహ్నం పూట రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోయే గద్దను ఇక్కడ చూడని పిల్లాడు ఉండడు. ఆ లేచే గాలినే గ్లైడర్ పైలట్లు థర్మల్ అంటారు. మన దేశంలో పౌర విమానయాన శాఖ ఇంజనీర్లు స్వయంగా రూపొందించిన గ్లైడర్లకు పెట్టుకున్న పేర్లు మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు: అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. నక్షత్రాల వరుస తప్పకుండా పెట్టిన ఆ పేర్లలో కార్తెలను బట్టి ఆకాశాన్ని చదివే మన రైతు లెక్క కనిపిస్తుంది నాకు. 1961లో తొలిసారి ఎగిరిన రోహిణి మీద ఎంతోమంది మన పైలట్లు పక్కపక్కన కూర్చుని ఎగరడం నేర్చుకున్నారు. ఈ క్రీడ మనకు పరాయిది కాదు. దాని నియమాల గురించి మాట్లాడటమూ మనకు మించిన పని కాదు.

గ్లైడర్లకు పందెం ఎలా పెడతారో తెలియని పాఠకుల కోసం ఒక మాట. ఇంజను సాయంతో ఎగిరే ఇంకో విమానం గ్లైడర్‌ను తాడుతో పైకి లాగి వదిలేస్తుంది. అక్కడి నుంచి పైలట్ థర్మల్ వెతుక్కుని, అందులో చుట్లు కొట్టి ఎత్తు సంపాదించి, ఆ ఎత్తును ఖర్చు పెడుతూ ముందుకు జారతాడు. నేటి మేలు రకం గ్లైడర్ కిలోమీటరు ఎత్తు నుంచి యాభై కిలోమీటర్ల దూరం దాకా పోగలదు. అలా ఎక్కుతూ జారుతూ, ముందే చెప్పిన మలుపు బిందువులను చుట్టి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి రావాలి. ఏ థర్మల్ దగ్గర ఆగాలి, దేన్ని వదిలేయాలి, రెండింటి మధ్య ఎంత వేగంతో పోవాలి అనే లెక్కకు గణిత రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు పాల్ మెక్‌క్రెడీ, 1956 ప్రపంచ విజేత. నేను పిల్లలకు గణితం చెప్పేవాణ్ని. ఈ క్రీడ మీద నా ఇష్టం ఆ లెక్క దగ్గరే మొదలైంది.

అసలు చిక్కు బయలుదేరే చోట ఉంది. గ్లైడర్లన్నీ ఒక్కసారి గీత దాటవు. కొన్ని కిలోమీటర్ల పొడవైన ఊహారేఖ ఒకటి ఆకాశంలో గీస్తారు. చివరి గ్లైడర్ పైకి లేచాక కొంతసేపటికి గీత తెరుచుకుందని రేడియోలో ప్రకటిస్తారు. ఆ తరువాత ఎవరు ఎప్పుడు దాటాలో వాళ్ల ఇష్టం. దాటిన క్షణం నుంచి ఎవరి గడియారం వారిది. కాగితం మీద ఇంతకన్నా స్వేచ్ఛ, ఇంతకన్నా సమానత్వం ఇంకేముంది? వాతావరణం ఎప్పుడు పండుతుందో అంచనా వేయడం కూడా నైపుణ్యమే కదా అని ఈ నియమాన్ని పెట్టినవారి ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను.

జరుగుతున్నది వేరు. థర్మల్ కంటికి కనపడదు. దాన్ని వెతకడానికి, దాని నడుమ ఎక్కడ గాలి బలంగా లేస్తుందో పట్టుకోవడానికి ముందు వెళ్లినవాడికి సమయం పడుతుంది. వెనక వచ్చేవాడికి ఆ అవసరమే లేదు. దూరంలో గుండ్రంగా తిరుగుతున్న గ్లైడర్లు కనిపిస్తే చాలు, నేరుగా అక్కడికి పోతాడు. ఒక లెక్క చూడండి. 450 కిలోమీటర్ల పందెం. ముందు బయలుదేరినవాడు గంటకు 120 కిలోమీటర్ల సగటు వేగంతో 225 నిమిషాల్లో పూర్తి చేశాడనుకుందాం. దారిలో పదిహేను థర్మల్స్ వాడుకున్నాడు. వెనకవాడు అవే పదిహేను థర్మల్స్‌లో ఒక్కొక్క దగ్గర ఒక్క నిమిషం వెతుకులాట మిగుల్చుకున్నాడు. అంటే పావుగంట ఆలస్యంగా బయలుదేరి, దారిలో అందుకుని, ఇద్దరూ ఒకేసారి దిగారు. వెనకవాడి లెక్క 210 నిమిషాలు, సగటు వేగం 128 దాటింది. అతనికి 1000 పాయింట్లు. అందరూ గమ్యం చేరిన రోజైతే ముందువాడికి సుమారు 867. దారి చూపినవాడికి 133 పాయింట్ల నష్టం, చూపిన దారిన పోయినవాడికి గెలుపు! పన్నెండు రోజులు సాగే పోటీలో మొదటి ముగ్గురి మధ్య తేడా అంత కూడా ఉండని సందర్భాలున్నాయి.

ఇది తెలిసిన పైలట్ ఎవడైనా ముందు పోతాడా? పోడు. అందుకే గీత తెరుచుకున్నా ఎవరూ కదలరు. నలభై యాభై గ్లైడర్లు గీతకు ఇవతల ఒకే థర్మల్‌లో, ఒకే ఎత్తున, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటాయి. ఒకడు కదిలితే వాడి వెనక గుంపంతా కదులుతుంది. ఈ కాచుకోవడంలో మధ్యాహ్నపు మేలైన గంట కరిగిపోతుంది. ప్రాణాల సంగతి ఇంకా పెద్దది. గ్లైడర్ పోటీల్లో గాల్లో ఒకదాన్నొకటి ఢీకొన్న ప్రమాదాలు జరిగాయి, పైలట్లు చనిపోయారు. కిక్కిరిసిన థర్మల్ ఆ ప్రమాదానికి అనువైన చోటు. ఒక నియమం మనుషుల్ని అనవసరంగా ఒకే చోట చేర్చి గంటసేపు తిప్పుతుంటే, అది అన్యాయం అనడంతో సరిపోదు, అది అపాయం.

పాయింట్ల సూత్రం ఈ గుంపుకు కాపలా కాస్తోంది. ఈ సంగతి మీద చర్చ తక్కువ జరిగింది కనుక కొంచెం ఓపికగా చూడమని కోరుతున్నాను.

ప్రపంచ పోటీల నియమావళిలో దశాబ్దాలుగా నడుస్తున్న సూత్రం సారం ఇది. రోజు విజేతకు గరిష్ఠంగా 1000 పాయింట్లు. ఆ వెయ్యిని రెండు వాటాలు చేస్తారు: ఒకటి దూరానికి, ఒకటి వేగానికి. వేగం వాటా ఎంత? తగినంత వేగంతో గమ్యం చేరినవాళ్లు మొత్తం పోటీదారుల్లో ఎంత భాగమో, దాన్ని మూడింట రెండు వంతులతో గుణిస్తే వచ్చేంత. నలభై మంది పోటీలో అందరూ చేరితే వేగానికి 667, దూరానికి 333. పదిమందే చేరితే వేగానికి 167 మాత్రమే, మిగతా 833 దూరానికి. రోజు మొత్తం విలువను తగ్గించే గుణకాలు వేరే ఉన్నాయి. సులువు కోసం వాటిని పక్కన పెడుతున్నాను.

ఇప్పుడు ఇద్దరు పైలట్లను తీసుకుందాం. మొదటివాడు గంటకు 120, రెండోవాడు 108 కిలోమీటర్ల వేగంతో చేరారు. నలభై మందీ చేరిన రోజైతే వాళ్లకు 1000, 800 వస్తాయి. తేడా 200. ముప్ఫై మంది మధ్యలో పొలాల్లో దిగిపోయిన రోజైతే? అదే ఇద్దరు, అదే వేగాలు, అదే ఆకాశం. పాయింట్లు 1000, 950. తేడా 50. మరునాడు రెండోవాడు మొదటివాడి కన్నా వంద పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నాడనుకోండి. ఈ ఇద్దరిలో ఎవరు ముందో తేల్చింది ఎవరు? వాళ్లిద్దరూ కాదు. నిన్న పొలాల్లో దిగిన ఆ ముప్ఫై మంది!

పొలంలో దిగినవాడి సంగతి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 450లో 405 కిలోమీటర్లు పోయి దిగాడు. మిగతా ముప్ఫై తొమ్మిది మందీ చేరిన రోజైతే అతనికి దక్కేది 315. చేరినవాళ్లు పదిమందే అయిన రోజైతే అదే చోట దిగినందుకు 750. అంటే ఒంటరిగా తన దారి తాను వెతుక్కుని దిగిపోతే ఆ పోటీలో అతని కథ ముగిసినట్టే. గుంపుతో కలిసి దిగితే ఏమీ కానట్టే. ఈ సూత్రం ప్రతి పైలట్ చెవిలో చెబుతున్నది ఒక్కటే: గుంపు వదలకు. ఆలస్యంగా బయలుదేరితే సాయంత్రం థర్మల్స్ చల్లారి అందరూ దిగిపోవచ్చు. పోనీ, అందరమూ కలిసే దిగుతాం, నష్టమేముంది? బయలుదేరే నియమం కాచుకొమ్మంటుంది, పాయింట్ల నియమం కాచుకున్నందుకు జరిగే నష్టాన్ని మాఫీ చేస్తుంది. రెండింటినీ విడివిడిగా బాగుచేయాలని చూసినంత కాలం ఈ ముడి విడదు.

ఈ సూత్రానికి సమర్థన ఉంది, దాన్ని తీసిపారేయను. ముప్ఫై మంది దిగిపోయారంటే ఆ రోజు అదృష్టం పాలు ఎక్కువ, కనుక ఆనాటి వేగాల తేడాకు అంత బరువు ఇవ్వకూడదు అంటారు. ఉరుము మేఘం దారి మూసేసిన రోజుకు ఈ మాట సరిపోతుంది. కానీ గీత దగ్గర గంటసేపు తిరిగి, ఆ గంట సాయంత్రం కరువై దిగిపోయినప్పుడు అది అదృష్టం ఎలా అవుతుంది? సూత్రానికి ఆ రెండింటి తేడా తెలియదు. సమయానికి బయలుదేరి, ఒంటరిగా గమ్యం చేరిన పైలట్ ఆధిక్యాన్ని అది రెండు సందర్భాల్లోనూ ఒకేలా కోసేస్తుంది.

ఇక నేల మీది పందేలు చూడండి. మా హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కొత్త సింథటిక్ ట్రాక్ మీద 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. నాలుగు వందల మీటర్ల పరుగులో ఎనిమిదో వరుస అమ్మాయి మొదటి వరుస అమ్మాయి కన్నా ఎంతో ముందు నిలబడుతుంది. చూసేవాళ్లకు అన్యాయంలా కనిపిస్తుంది. మలుపుల దగ్గర వంపు తేడాను లెక్కగట్టి సరిచేసిన న్యాయం అది. వరంగల్ జిల్లా కల్లెడ ఊరి బిడ్డ జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో ఇదే దూరాన్ని 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. ఆ పరుగులో వెనక ఇద్దరు పడిపోయినా, నలుగురు ఆగిపోయినా ఆమెకూ, ఆమె ముందున్న అమ్మాయికీ మధ్య తేడా సెకనులో వందో వంతు కూడా మారదు. అంత దూరం పోనక్కర్లేదు. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు బండలాగుడు పందేలు జరుగుతాయి. ఏ జత ఎప్పుడు దిగాలో చీటీ తీస్తారు, ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. తరువాతి జత మొరాయించిందని ముందు జత అడుగులు తగ్గవు. ఆ పాటి న్యాయం ఆకాశంలో పందేనికి అందనిదేమీ కాదు.

గ్లైడింగ్ కమిషన్ ఏమీ చేయలేదని అనను. 2005లో ఫ్రాన్స్‌లోని సెంట్ ఓబాన్‌లో మొదటి ప్రపంచ గ్రాండ్ ప్రీ జరిగింది, పోలండ్ పైలట్ సెబాస్టియన్ కావా గెలిచాడు. అక్కడ అందరూ ఒకేసారి గీత దాటతారు, ముందు వచ్చినవాడిదే ఆ రోజు గెలుపు. చూసేవాడికి ఎవరు ముందున్నారో క్షణంలో తెలుస్తుంది. అయితే అది ఇరవై గ్లైడర్లలోపు పందేనికే కుదురుతుంది, వెంటపడటం అక్కడా పూర్తిగా పోలేదు. ఈ మధ్య తెచ్చిన ఇంకో పద్ధతిలో పైలట్ తన పరికరం మీద ఒక బటన్ నొక్కాలి. అప్పటి నుంచి ముందే ప్రకటించిన కొన్ని నిమిషాలు ఆగాక అతనికి మాత్రమే కాసేపు గీత తెరుచుకుంటుంది. ఆ బటన్‌ను కొద్ది సార్లే వాడుకోవాలి. ఇతరులను చూసి అప్పటికప్పుడు కదలడం దీనివల్ల కష్టమవుతుంది. మంచి ఆలోచనే. కానీ పాయింట్ల సూత్రాన్ని అలాగే ఉంచి దీన్ని ఎన్ని పోటీల్లో పెట్టినా, ఆలస్యంగా నొక్కడమే లాభమని అందరికీ తెలుసు.

పరికరాల సంగతి ఒకటుంది. గ్లైడర్లు ఢీకొనకుండా హెచ్చరించడానికి స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఫ్లార్మ్ ఎన్నో ప్రాణాలు కాపాడింది. అదే పరికరం తెర మీద చుట్టుపక్కల గ్లైడర్లు ఎక్కడున్నాయో, ఎంత వేగంతో పైకి లేస్తున్నాయో కూడా చూపగలదు. వెంటపడేవాడికి ఇప్పుడు కళ్లు కూడా అక్కర్లేదు. 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని లేక్ కీపిట్‌లో జరిగిన మహిళల ప్రపంచ పోటీలో పెద్ద గొడవ జరిగింది. ప్రేక్షకులకు కొంత ఆలస్యంగా చూపవలసిన గ్లైడర్ల స్థానాలను ఆతిథ్య జట్టువారు ఆలస్యం లేకుండా చూశారని తేలి, పోటీ నిర్వాహకులు వాళ్లకు పాయింట్లు కోశారు. ఎవరిది ఎంత తప్పన్న వాదనలోకి నేను పోను. నాకు కనిపించిన విషయం వేరు. ఇతరులు ఎక్కడున్నారన్న సమాచారానికి అంత విలువ ఉందంటే, పందెంలో గెలుపు దేని మీద ఆధారపడుతోందో ఆ గొడవే చెబుతోంది. ఆకాశాన్ని చదివినవాడికే గెలుపు దక్కే పద్ధతిలో ఆ సమాచారం కోసం ఎవరూ ఇంత తాపత్రయపడరు.

మీరు కమిషన్ ముందు పెట్టవలసినవిగా నాకు తోస్తున్న మార్పులు చెబుతాను. బయలుదేరే సమయాన్ని పైలట్ ఇష్టానికి పూర్తిగా వదలకండి. పోటీదారులను చిన్న బృందాలుగా చేసి, వాతావరణం చూసి నిర్వాహకులు ప్రకటించిన వేళ నుంచి ఒక్కో బృందానికి కొద్ది నిమిషాల వ్యవధి ఇవ్వండి. మొదటి రోజు వరుస చీటీ తీసి నిర్ణయించండి, ఆ తరువాత ప్రతిరోజూ ఆ వరుసను తిప్పండి. ఈరోజు దారి వెతికినవాడు రేపు దారి చూసుకునే అవకాశం పొందుతాడు. ఒకరోజు విలువ ఇంకోరోజు విలువతో సమానం కాదు కనుక ఇది నూటికి నూరుపాళ్ల న్యాయం కాదని నాకు తెలుసు. కానీ ముందుపడే భారం అందరి మీదా పడుతుంది, గీత దగ్గర గుంపు పలచబడుతుంది. ఇది మరీ పెద్ద మార్పు అనుకుంటే, గీత తెరుచుకున్న తొలి నిమిషాల్లో దాటినవాళ్లకు చిన్న ప్రోత్సాహం ఇచ్చి చూడండి. ఆ ప్రోత్సాహం ఎంత ఉండాలో లెక్క తేల్చడం కష్టమేమీ కాదు. ప్రతి పోటీలోనూ ప్రతి గ్లైడర్ దారి సెకన్లతో సహా రికార్డవుతోంది. ఆ పాత రికార్డుల మీద కొత్త నియమాన్ని నడిపించి చూడవచ్చు. మా వరంగల్ ఎన్ఐటీలో, కాన్పూర్ ఐఐటీలో ఇలాంటి లెక్కకు ఉత్సాహపడే విద్యార్థులు దొరుకుతారు. 

పాయింట్ల విషయంలో నా కోరిక ఇంకా సూటిది. వేగానికి, దూరానికి వాటాలు పొద్దున పందెం ప్రకటించినప్పుడే స్థిరపడాలి. గమ్యం చేరిన ఇద్దరి మధ్య తేడా ఆ ఇద్దరి వేగాలను, రోజు విజేత వేగాన్ని బట్టే ఉండాలి. ఎంతమంది పొలాల్లో దిగారన్నది అందులో కలవకూడదు. రోజు విలువ తగ్గించవలసి వస్తే విజేత ఎగిరిన దూరం, సమయం తక్కువైనందుకు తగ్గించండి, చాలు.

మన దేశంలో మీరు జరిపే పోటీలకు ఇవి ముందుగా వర్తింపజేయవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పుణె హడప్సర్‌లో 1950లోనే గ్లైడింగ్ సెంటర్ మొదలైంది. అలాంటి చోట పాత, కొత్త గ్లైడర్లు కలిసే ఎగరాలి, కనుక వాటి సామర్థ్యం తేడాకు సవరణ గుణకాలు వాడవలసి వస్తుంది. ఐరోపా వాతావరణానికి సరిపడే గుణకాలు మన వేసవికి సరిపోతాయా అన్నది కూడా చూడండి. థర్మల్స్ బలంగా ఉన్న రోజు బరువైన గ్లైడర్‌కు లాభం ఎక్కువ. రోహిణి కార్తెలో పందెం పెడితే పాత తేలిక గ్లైడర్ మీద ఎగిరే కుర్రవాడు మొదటే వెనకబడి ఉంటాడు.

కమిషన్ తదుపరి వార్షిక సమావేశం అజెండా వెలువడగానే, బయలుదేరే నియమం మీద, పాయింట్ల మీద వచ్చిన ప్రతిపాదనలను దేశంలోని గ్లైడింగ్ కేంద్రాలకు, ఎన్‌సీసీ వాయు విభాగానికి పంపి అభిప్రాయం అడగండి. మన ప్రతినిధి ఎటు ఓటు వేశారో, ఎందుకు వేశారో సమావేశం ముగిసిన నెలలోపు ప్రకటించండి. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా, ఎందుకు కుదరదో చెబుతూ జవాబు రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ, వరంగల్